మా అమ్మాయి పీపీఈ చదువుతానంటోంది, ప్లాటు అమ్మి చదివించవచ్చా?

ఉప్పల్‌లో ఉంటున్న ఒక తల్లి చాలా వివరంగా ఉత్తరం రాశారు. ఆమె ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ లెక్చరర్. భర్త జీడిమెట్లలోని ఒక ఫార్మా కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. పెద్దమ్మాయి ఈ ఏడాది ఎంఈసీతో ఇంటర్ మంచి మార్కులతో పూర్తిచేసి, తత్వశాస్త్రం, రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం కలిపి చెప్పే పీపీఈ డిగ్రీలో చేరతానని పట్టుబట్టింది. ఉత్తరాదిలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం సీటు ఇచ్చింది, ఫీజులో కొంత రాయితీ కూడా ఇచ్చింది. అయినా హాస్టల్‌తో కలిపి నాలుగేళ్లకు 22 లక్షలు అవుతుంది. ఇంకోవైపు కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ మార్కులతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనామిక్స్ వచ్చే అవకాశం కనిపిస్తోంది. తండ్రి మాత్రం బీకాం చేస్తూ సీఏ రాయమంటున్నారు. అమెరికాలో ఉన్న ఆమె మరిది వీడియో కాల్‌లో "రెండు పడవల మీద కాళ్లు పెడితేనే మునుగుతారు, ఇవి మూడు పడవలు" అన్నారట. అప్పటి నుంచి తండ్రీకూతుళ్లు సరిగా మాట్లాడుకోవడం లేదు. ఘట్‌కేసర్ దగ్గర ఉన్న ప్లాటు అమ్మితే డబ్బు సరిపోతుంది కానీ, అది ఇద్దరు పిల్లల కోసం కొన్నది. చివర్లో ఆమె ఇలా రాశారు: "నేను డిగ్రీ అయ్యాక ఆర్ట్స్ కాలేజీలో ఎంఏ ఫిలాసఫీ చేయాలనుకున్నాను. మా నాన్నగారు బీఈడీలో చేర్పించారు. ఇప్పుడు అమ్మాయి తరఫున మాట్లాడుతున్నది నేనా, నాలో మిగిలిపోయిన ఆ కోరికా అన్నది నాకే తెలియడం లేదు. ఈ చదువుకు నిజంగా విలువ ఉందా? ఏం చేయమంటారు?"

అమ్మా, మీరు అడిగింది ఒక్క ప్రశ్నే అయినా, ఈ చదువు విలువైనదా అన్నది వేరు, దానికి మీ ఇల్లు ఇంత మూల్యం చెల్లించాలా అన్నది వేరు. ఈ రెండూ కలిసిపోవడం వల్లనే మీ ఇంట్లో మాట ముందుకు సాగడం లేదు. విలువ ఉందని అమ్మాయి అంటే, డబ్బు లేదని నాన్న అంటున్నారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కానీ ఒకరికొకరు జవాబు చెప్పుకోవడం లేదు. అందుకే ముందు విలువ సంగతి చూద్దాం.

మీ ఉత్తరం మధ్యలో, వేరే ఏదో చెబుతూ రాసిన ఒక విషయం దగ్గర నేను ఆగిపోయాను. మీ మామగారు సూర్యాపేట జిల్లాలో తన ఎకరంతో పాటు ఇంకో మూడెకరాలు కౌలుకు చేస్తున్నారని, రైతుబంధు సొమ్ము ఆయన ఎకరానికి మాత్రమే వచ్చి, మిగిలిన మూడెకరాలది హైదరాబాద్‌లో స్థిరపడిన పట్టాదారు ఖాతాలో పడిందని రాశారు. అది విన్న మీ అమ్మాయి "తాతయ్యకు జరిగింది అన్యాయమా, నిబంధన ప్రకారం సరైన లెక్కేనా? రెండూ నిజమైతే ఎలా?" అని భోజనాల దగ్గర అడిగిందని, ఎవరూ జవాబు చెప్పలేదని కూడా రాశారు. ఈ చదువుకు విలువ ఉందా అన్న మీ ప్రశ్నకు జవాబు వెతకాల్సింది అక్కడే.

ఆ పథకం 2018 మే నెలలో ఎకరానికి పంటకాలానికి 4,000 రూపాయలతో మొదలైంది. డబ్బు పట్టాదారుకు వెళ్లేది, సాగు చేస్తున్నది ఎవరన్నది చూసేవారు కాదు. అర్థశాస్త్రం మాత్రమే చదివిన విద్యార్థి ఇక్కడ ఒక మంచి ప్రశ్న వేస్తాడు: ఆ సొమ్మును కౌలుదారుకే ఇస్తే, భూమి కోసం పోటీ ఎక్కువగా ఉన్న ఊళ్లో యజమాని మరుసటి ఏడాది కౌలు పెంచి అందులో కొంత వెనక్కి తీసుకోడా? భూమి మీద వచ్చే అదనపు ఆదాయం చివరికి భూస్వామికే ఎలా చేరుతుందో ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లోనే వివరించాడు కనుక, కౌలుదారుకు ఇవ్వండి అన్నంత మాత్రాన సమస్య తీరదని ఆ విద్యార్థికి తెలుస్తుంది. అయితే కౌలుదారుల పేర్లు అసలు ఏ కాగితం మీదా ఎందుకు లేవన్నది అతనికి అంతుపట్టదు. దానికి రాజనీతిశాస్త్రం, దానితో పాటు మన ప్రాంత చరిత్ర కావాలి. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు భూమి మీద హక్కులు కల్పించింది. కౌలు సంగతి కాగితం మీదకు ఎక్కితే భూమి చేజారిపోతుందన్న భయం యజమానుల్లో నేటికీ పోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చేందుకు ప్రత్యేకంగా చట్టం తెచ్చినా, ఆ భయం దానికీ అడ్డుపడింది. ఒక తరానికి మేలు చేసిన చట్టమే తరువాతి తరం కౌలుదారు కనబడకుండా పోవడానికి ఒక కారణమైందన్నమాట.

ఇంత తెలిసిన తరువాత కూడా మీ అమ్మాయి అడిగిన అసలు మాట మిగిలే ఉంటుంది. ప్రభుత్వం ఇచ్చే సాయం ఆస్తిని అనుసరించాలా, శ్రమనా, అవసరాన్నా? ఎకరం ఉన్నవారికి ఎంతో, పదెకరాలు ఉన్నవారికి దానికి పదింతలు ఇస్తే అది అందరినీ సమానంగా చూడటమా, కాదా? గణాంకాలు ఎన్ని పోగుచేసినా ఈ ప్రశ్న తేలదు, ఎన్నికల ఫలితాలతోనూ తేలదు. ఏది న్యాయమో, ఎందుకు న్యాయమో కారణాలతో వాదించి, ఎదుటివారి అభ్యంతరాన్ని దాని బలమైన రూపంలో తీసుకుని జవాబు చెప్పడం తత్వశాస్త్రం నేర్పే విద్య. మీ మామగారి మూడెకరాల గురించి నిజాయితీగా మాట్లాడాలంటే ఈ మూడు శాస్త్రాల్లో ఏదీ వదలడానికి వీల్లేదు. మూడింటినీ కలిపి చదవడంలో ఉన్న విలువ నా దృష్టిలో ఇదే.

నిజానికి ఇవి విడివిడిగా పుట్టిన శాస్త్రాలు కావు. ఆధునిక అర్థశాస్త్రానికి ఆద్యుడని చెప్పుకునే ఆడం స్మిత్ గ్లాస్గోలో నీతిశాస్త్ర ఆచార్యుడు. డాక్టర్ అంబేద్కర్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి రూపాయి సమస్య మీద డాక్టరేట్ పొందినవారు, అంతకుముందు కొలంబియాలో తత్వవేత్త జాన్ డ్యూయీ దగ్గర పాఠాలు విన్నవారు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన, మనం రాజకీయాల్లో సమానత్వంతోనూ, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వంతోనూ ఒక వైరుధ్యంలోకి అడుగుపెట్టబోతున్నామని హెచ్చరించారు. మీరు క్లాసులో ఈ ప్రసంగం చెప్పే ఉంటారు. ఆ హెచ్చరిక చేయగలిగినవాడు ఒకేసారి ఆర్థికవేత్త, రాజనీతిజ్ఞుడు, తత్వచింతకుడు అయి ఉండాలి. అమర్త్యసేన్ 1943 బెంగాల్ కరువు మీద చేసి 1981లో ప్రచురించిన అధ్యయనమూ అటువంటిదే. ఆహారం లేకపోవడం కంటే, ఉన్న ఆహారాన్ని పొందగల శక్తి కూలీలకూ చేతివృత్తులవారికీ పోవడమే లక్షల ప్రాణాలు తీసిందని ఆయన చూపించారు. ధాన్యం నిల్వల లెక్క దగ్గరే ఆగిపోయి ఉంటే ఆయనకు ఇది కనిపించేది కాదు.

మూడింటినీ ఒకే డిగ్రీగా మొదలుపెట్టింది 1920లో ఆక్స్‌ఫర్డ్. గ్రీకు, లాటిన్ ప్రాచీన విద్యకు బదులుగా, ప్రభుత్వ వ్యవహారాల్లోకి వెళ్లేవారికి ఆధునిక ప్రపంచాన్ని అర్థం చేసుకునే చదువు కావాలని దాన్ని రూపొందించారు. ఇక్కడ ఒక విషయంలో మిమ్మల్ని జాగ్రత్తగా ఉండమని చెప్పాలి. హెరాల్డ్ విల్సన్, ఎడ్వర్డ్ హీత్ నుంచి డేవిడ్ కామెరాన్, రిషి సునాక్ వరకు ఎందరో బ్రిటన్ ప్రధానులు ఈ డిగ్రీ చదివారని ప్రవేశాల ప్రచారంలో గొప్పగా చెబుతారు. వారి విజయంలో ఆక్స్‌ఫర్డ్ పేరు, అక్కడి పరిచయాలు, వారు పుట్టిన కుటుంబాల పాత్ర ఎంతో, పాఠ్యప్రణాళిక పాత్ర ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. పైగా ఆ దేశంలోనే ఈ డిగ్రీ మీద బలమైన విమర్శ ఉంది. అన్నిటి గురించీ ధారాళంగా మాట్లాడగలిగి, దేన్నీ లోతుగా తెలుసుకోని పాలకవర్గాన్ని ఇది తయారుచేస్తోందని అక్కడివారే అంటున్నారు. ఆ విమర్శను నేను తోసిపుచ్చను.

మీ మరిదిగారి పడవల మాటలో ఉన్న నిజం కూడా ఇదే. అయితే దాన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లాలి. ఆక్స్‌ఫర్డ్‌లో సైతం మొదటి ఏడాది మూడూ చదివాక ఒకటి వదిలేసి రెండింటి మీద దృష్టి పెట్టడానికి వీలుంది, చాలామంది అలాగే చేస్తారు. అంటే లోతు కావాలన్న సంగతి ఆ చదువును రూపొందించినవారికీ తెలుసు. మీ అమ్మాయికి నేను చెప్పేదేమిటంటే, మూడింటిలో ఒకదాన్ని మాత్రం ఎవరి ముందైనా నిలబడి వాదించగలిగినంత లోతుగా నేర్చుకోవాలి. ఎంఈసీ చదివింది కనుక, ఆ ఒకటి అర్థశాస్త్రం అయితే మేలని నా అభిప్రాయం. ఎందుకంటే తత్వశాస్త్రాన్నీ రాజనీతినీ తరువాత సొంతంగా చదువుకుని చాలా దూరం పోవచ్చు కానీ, కలనగణితం, సంఖ్యాశాస్త్రం, ఆర్థిక గణాంకాలను విశ్లేషించే ఎకనోమెట్రిక్స్ ఈ వయసులో వదిలేసినవారు తిరిగి పట్టుకోవడం చాలా అరుదు. అవి లేకుండా మంచి సంస్థల్లో ఎంఏ ఎకనామిక్స్ ప్రవేశ పరీక్ష గట్టెక్కడం కష్టం, పరిశోధన ఉద్యోగాల తలుపులూ మూసుకుపోతాయి.

కాబట్టి ఆ ప్రైవేటు విశ్వవిద్యాలయం బ్రోషర్ పక్కనపెట్టి, నాలుగేళ్ల కోర్సుల పట్టిక తెప్పించండి. గణితం, సంఖ్యాశాస్త్రం ఎన్ని సెమిస్టర్లు ఉన్నాయో చూడండి. అంతకంటే ముఖ్యంగా, మూడు శాస్త్రాలూ ఒకే విషయం మీద కలిసి పనిచేసే కోర్సు కనీసం ఒకటైనా ఉందేమో చూడండి. పొద్దున ఒక గదిలో అర్థశాస్త్రం, మధ్యాహ్నం ఇంకో గదిలో తత్వశాస్త్రం చెప్పి, వాటిని కలుపుకోవడం విద్యార్థికే వదిలేసే చోట పీపీఈ అన్నది మూడు సగం డిగ్రీలకు పెట్టిన పేరు మాత్రమే. కలపడం ఎలాగూ సొంతంగా చేసుకోవలసిందే అయితే, దానికి 22 లక్షలు అక్కర్లేదు.

ఇక డబ్బు. మీ భర్త అకౌంట్స్ మనిషి కనుక ఈ లెక్క ఆయనకు తెలిసే ఉంటుంది, బహుశా ఆయన కోపం వెనక ఉన్నది ఇదే. పది శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చే అప్పుకు లక్షకు నెలకు సుమారు 1,320 రూపాయల వాయిదా పడుతుంది. 22 లక్షల అసలుకే నెలకు 29 వేలు దాటుతుంది. విద్యారుణంలో వాయిదాలు సాధారణంగా చదువు ముగిసిన ఏడాదికి మొదలవుతాయి, కానీ వడ్డీ అప్పు తీసుకున్న నాటి నుంచే పెరుగుతుంది కనుక, కట్టవలసింది అంతకంటే ఎక్కువే. పీపీఈ చేసిన వెంటనే హైదరాబాద్‌లో వచ్చే మొదటి ఉద్యోగం, అది విధాన పరిశోధన సంస్థలోనైనా స్వచ్ఛంద సంస్థలోనైనా పత్రికలోనైనా, ఈ వాయిదాను మోయగలదని నేను మీకు భరోసా ఇవ్వలేను. ఈ డిగ్రీ పేరు ఇక్కడి కంపెనీల్లో ఎక్కువమందికి తెలియదన్నది కూడా నిజం. అప్పు భారం ఉన్న అమ్మాయి పైచదువును వాయిదా వేసి, ఇష్టం లేని ఉద్యోగంలో చేరవలసి రావచ్చు. అప్పుడు ఏ స్వేచ్ఛ కోసం ఈ చదువు ఎంచుకుందో అదే పోతుంది. ప్లాటు అమ్మితే అప్పు బాధ ఉండదు. కానీ నాలుగేళ్ల తరువాత తమ్ముడి చదువు వచ్చినప్పుడు ఆ లోటు కనబడుతుంది, అక్క మనసులోనూ అది ఒక బరువుగా ఉంటుంది. ఇవన్నీ తెలిసి కూడా మీరు ఆ దారి ఎంచుకోవచ్చు. చిన్న తరగతులు, ప్రతి వారం వ్యాసం రాయించి దిద్దే అధ్యాపకులు, దేశం నలుమూలల నుంచి వచ్చిన సహవిద్యార్థులు అక్కడ నిజంగా ఉంటే అవి తక్కువ విలువైనవేమీ కావు. అలా చేసేటట్లయితే ఫీజు రాయితీ నాలుగేళ్లూ ఉంటుందా, ఏ గ్రేడు తగ్గితే పోతుంది అన్నది రాతపూర్వకంగా తీసుకోకుండా డబ్బు కట్టకండి.

సెంట్రల్ యూనివర్సిటీ దారి గురించి మీరు రెండు వాక్యాలే రాశారు. అది తక్కువరకం ప్రత్యామ్నాయమన్న భావం ఆ వాక్యాల్లో కనిపించింది, దానితో నేను ఏకీభవించను. 1974లో స్థాపించిన ఆ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం, తత్వశాస్త్రం మూడూ గచ్చిబౌలిలోని ఒకే ఆవరణలో ఉన్నాయి. ఫీజు మీ ఇద్దరి జీతాలతో మోయగలిగినది. అక్కడ ఆమెకు అర్థశాస్త్రంలో లోతు వస్తుంది. మిగిలిన రెండింటిలో ఏ ఎలెక్టివ్‌లు తీసుకోనిస్తారో, మధ్యలో డిగ్రీతో బయటికి రావచ్చో లేదో విభాగానికి వెళ్లి అడిగి తెలుసుకోవాలి. ఈ దారిలో నష్టం కూడా ఉంది. మూడింటినీ కలిపే పని ఆమే చేసుకోవాలి, ఎవరూ వెంటపడి చేయించరు. తత్వశాస్త్రం వాళ్ల సెమినార్లకు పిలవకపోయినా వెళ్లి కూర్చునే స్వభావం ఆమెకు ఉంటే ఈ దారి అద్భుతంగా పనిచేస్తుంది. లేకపోతే అయిదేళ్ల తరువాత ఆమె మంచి ఎకనామిక్స్ విద్యార్థి అవుతుంది, అది కూడా నష్టమేమీ కాదు. ఒకవేళ అక్కడ సీటు రాకపోతే, తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానమైన దోస్త్ ద్వారా నగరంలోని ఒక మంచి ప్రభుత్వ కాలేజీలో ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ ఉన్న బీఏలో చేరి, తరువాత ఎంఏకు మంచి చోట ప్రయత్నించవచ్చు. అయితే అక్కడ గణితం సొంతంగా చదువుకోవాలి, మీరు ఇంట్లో వెన్నంటి ఉండాలి.

సీఏ సంగతి. మీ భర్త సూచన గౌరవించదగినదే, ఆ చదువుతో ఎందరో మధ్యతరగతి పిల్లలు నిలదొక్కుకున్నారు. కానీ ఆర్టికల్‌షిప్ అనే తప్పనిసరి శిక్షణ మొదలయ్యాక వేరే చదువుకు సమయం దొరకదు, ఆసక్తి లేనివారు ఆ పరీక్షల్లో ఏళ్ల తరబడి చిక్కుకుపోతారు. ఆయనను తిరస్కరించకుండానే ఈ మాట చెప్పవచ్చు. సివిల్స్ కోసమే పీపీఈ అని అమ్మాయి అంటున్నట్లయితే మాత్రం, ఆ వాదనను మీరు ఒప్పుకోకండి. నీతిశాస్త్రం మీద 2013 నుంచి ఒక పేపర్ ఉన్న మాట, ఫిలాసఫీ ఆప్షనల్‌గా ఉన్న మాట నిజమే. అయినా ఆ పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు. లక్షల మంది రాసే పరీక్షలో ఎంపికయ్యేది అతి కొద్దిమంది కనుక, దాని మీద ఆధారపడి 22 లక్షల నిర్ణయం తీసుకోకూడదు. న్యాయవాద వృత్తి ఒక మంచి దారి. ఏ డిగ్రీ తరువాత అయినా మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయవచ్చు. ఈ మూడు శాస్త్రాలూ చదివిన మనిషికి రాజ్యాంగ, భూమి కేసుల్లో అవి ప్రతిరోజూ పనికివస్తాయి.

తండ్రీకూతుళ్లను కూర్చోబెట్టేటప్పుడు డిగ్రీ పేరుతో మొదలుపెట్టకండి. మామగారి మూడెకరాలతో మొదలుపెట్టండి. కౌలు ఎంత, పెట్టుబడి ఎంత, సొమ్ము ఎవరికి చేరితే ఎవరికి ఎంత మిగులుతుంది అన్న లెక్క ఆమె చేత రాయించి, తండ్రి చేత దిద్దించండి. ఏది న్యాయమో రెండు పేజీలు రాయమని, తాతగారి వాదనతో పాటు ఆ పట్టాదారు వాదన కూడా ఆయన ఒప్పుకునేంత నిజాయితీగా రాయమని చెప్పండి. పది రోజుల్లో ఈ పని ఇష్టంగా పూర్తిచేస్తే ఆమెకు ఈ చదువు మీద ఉన్నది నిజమైన ఆకలే. లెక్క దగ్గర విసుగు వచ్చి వదిలేస్తే, ఆమెను ఆకర్షిస్తున్నది దూరపు క్యాంపస్ కావచ్చు. అందులో తప్పులేదు కానీ, దాని ఖరీదు వేరుగా ఆలోచించాలి. ఆయన తన తండ్రి పొలం గురించి కూతురు రాసిన కాగితం చదివితే, ఇప్పుడు జరుగుతున్న వాదన కంటే మంచి సంభాషణ మీ ఇంట్లో జరుగుతుందని నా నమ్మకం.

చివరగా మీ సంగతి. మీ సందేహానికి నేను జవాబు చెప్పలేను. కానీ దాన్ని పరీక్షించే మార్గం ఒకటి ఉంది. ఇగ్నోలో దూరవిద్యలో ఎంఏ ఫిలాసఫీ ఉంది, ఉద్యోగం చేస్తూ చదవవచ్చు. మీరు దరఖాస్తు పెట్టండి. అది పెట్టిన తరువాత కూడా అమ్మాయిని ఆ ప్రైవేటు విశ్వవిద్యాలయానికి పంపాలని మీకు ఇప్పటంత బలంగా అనిపిస్తే, ఆ అభిప్రాయం అమ్మాయి కోసమే. ఆ పట్టుదల కొంత సడలితే, అందులో మీ వాటా ఎంతో మీకే తెలుస్తుంది. మీరు క్లాసులో చెప్పే సివిక్స్‌కు కూడా ఆ చదువు బలం ఇస్తుంది. సీఈసీ పిల్లలను ఎంపీసీ రానివాళ్లుగా చూస్తారని మీరు బాధతో రాశారు. ఆ పిల్లలకు మీవంటి వారు అవసరం.

నా మొగ్గు సెంట్రల్ యూనివర్సిటీ వైపే ఉంది, దాన్ని దాచను. కోర్సుల పట్టిక నిజంగా గట్టిగా ఉండి, మీ భర్త మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే ప్రైవేటు విశ్వవిద్యాలయం దారీ తప్పు కాదు. ప్రైవేటు సీటు డిపాజిట్ గడువు సీయూఈటీ ప్రవేశాల కంటే ముందే వస్తుందని రాశారు కనుక, ప్రవేశం రద్దు చేసుకుంటే ఏ తేదీ లోపల ఎంత వాపసు ఇస్తారో యూజీసీ నిబంధనలు చూసి, ఆ విశ్వవిద్యాలయం నుంచి ఈమెయిల్‌లో తెప్పించుకున్న తరువాతే డిపాజిట్ కట్టండి.